ఒక్క పొడుగు ఊపిరి

ఈలను పెదాల మధ్య పెట్టు. కొరకొద్దు, ఊరికే పట్టుకో. చల్లగా ఉంది. కొంచెం ఉప్పగా కూడా ఉంది, నిన్నటి చెమట దారానికి పట్టినట్టుంది.

ఇంకా ఊదకు.

డిసెంబరు నెల. ఆరు కావస్తోంది. త్రిపురారం దాటి, సాగర్ ఎడమ కాలువ నుంచి వచ్చే మేజరు కాలువ పక్కన, కోసేసిన వరి మడిలో నిలబడ్డావు. అంతా మంచు. మిర్యాలగూడ మిల్లులకు పోయే వడ్ల లారీ చప్పుడు వినబడుతోంది గానీ లారీ కనబడటం లేదు. రెండు పసుపు మచ్చలు వచ్చి కరిగిపోయాయి, అంతే. హార్వెస్టరు వదిలేసిన కొయ్యకాళ్లు చెప్పుల అంచులు దాటి పాదాలకు గుచ్చుకుంటున్నాయి. తడిసిన గడ్డి వాసన. దూరంగా ఎవరో వడ్ల రాశి మీది పట్టాను దులుపుతున్నారు, ఫట్ ఫట్‌మని.

నీ ఎడమ మోకాలికి వెచ్చగా ఏదో ఆనుకుని ఉంది. రంగి.

వణుకుతోంది. చలికి కాదు. చూడు, ముక్కు గాలిలోకి లేచింది, చెవులు సగం నిక్కాయి, ముందుకాలు ఒకటి నేలకు ఆననే లేదు. గోధుమరంగు ఒళ్లు, పొట్టి వెంట్రుక, పిడికిట్లో ఇమిడేంత నడుము. పద్నాలుగు నెలల జోనంగి. కొల్లేరు చుట్టుపక్కల పెరిగిన జాతి ఇది. పెద్దగా మొరగదు. సంతోషం పట్టలేనప్పుడు ఊళకూ పాటకూ మధ్య ఏదో గొంతు తీస్తుంది. పడుకోవాలంటే చాప అక్కర్లేదు, నేలలో గొయ్యి తవ్వుకుని అందులో ముడుచుకుంటుంది. ఒకప్పుడు వేటకు పోయేది, బాతుల మందలు కాసేది. బాతులు తిరిగిన నేలలో చేపల చెరువులు తవ్వాక, ఆ కుక్కలు చాలావరకు యజమాని లేకుండా వీధిన పడ్డాయి. నీ రంగి అమ్మమ్మ కూడా అలాంటిదేనట.

చెయ్యి ముందుకు చాపు. "పో" అను, మెల్లగా.

పోయింది.

ఈ గట్టు నుంచి ఆ గట్టుకు అడ్డంగా, ముక్కు నేలకు రాస్తూ. ముప్పై అడుగులు. అరవై. మంచులో ఒళ్లు సగం చెరిగిపోయింది, తోక చివరి తెల్లమచ్చ ఒక్కటే ఆడుతోంది. ఇప్పుడు అదీ లేదు.

కడుపులో ఏదో జారినట్టయింది కదూ? కుక్క కళ్ల ముందు లేనప్పుడు నీకూ దానికీ మధ్య ఉన్నది వేలెడంత లేని ఈ ప్లాస్టిక్ ముక్కే.

ఊదు. పొట్టిపొట్టిగా, నాలుగైదు. పీప్-పీప్-పీప్-పీప్.

ఏమీ లేదు. మంచు. మళ్లీ ఊదాలని నాలుక లేస్తుంది. ఊదకు. ఆగు.

కొయ్యకాళ్లు పటపటమన్నాయి. ఎదురుగా మంచును చీల్చుకుని, నాలుక పక్కకు వేలాడేసుకుని, నవ్వుతున్నట్టున్న ముఖంతో వచ్చేసింది. జేబులోంచి ఉడికించిన బాతు గుడ్డు ముక్క తియ్యి. ఇచ్చెయ్యి. మెడ కింద రుద్దు. గుండె ఎలా కొట్టుకుంటోందో నీ వేళ్లకు తెలుస్తోంది.

ఆ పొట్టి ఈలలకు అర్థం "దా". దానికి మాత్రం "అన్నం". నిరుడు డిసెంబరులో, రెండు నెలల పిల్లగా ఇంటికి వచ్చిన మొదటి పొద్దునుంచే గిన్నె కింద పెట్టే ముందు అవే పొట్టి ఈలలు ఊదావు. రోజుకు నాలుగు పూటలు. పది రోజులకు, పెరట్లో ఎక్కడున్నా ఈల వినబడితే కాళ్లు తడబడుతూ పరిగెత్తుకొచ్చేది. అప్పటికి దానికి తన పేరు కూడా తెలియదు.

ఇదే మడిలో నీ స్నేహితుడైతే నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి అరుస్తాడు. అరుపుతో ఏమవుతుందో నీకు తెలుసు. నీకు భయం వేస్తే గొంతు సన్నబడుతుంది, కోపం వస్తే బొంగురుపోతుంది. కుక్క మాట వినదు, గొంతు వింటుంది. కోపంగా ఉన్న మనిషి దగ్గరకు ఎవరొస్తారు? ఈలకు కోపం తెలియదు. నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. పైగా సన్నటి శబ్దం, ట్రాక్టరు మోతలోంచి కూడా దూసుకుపోతుంది. మనిషి గొంతు వింటే పొదలో ఉన్న పక్షి లేచిపోతుంది, ఈలకు అంతగా బెదరదు.

ఈల ఊపి చూడు. లోపల ఏమీ గలగలమనదు. బడిలో పీఈటీ సారు మెడలో వేసుకునే ఈలలో చిన్న బెండు గోళీ దొర్లుతుంది. ఆ రకానికి పేరు తెచ్చినవాడు బర్మింగ్‌హామ్‌లోని జోసెఫ్ హడ్సన్, 1884లో. ఆటలకు అది బాగుంటుంది. కానీ ఇలాంటి మంచులో ఉమ్మి తగిలి గోళీ అతుక్కుందంటే ఈల మూగబోతుంది. రంగి పరుగులో ఉన్నప్పుడు అది జరిగితే? అందుకే గోళీ లేనిది తెచ్చుకున్నావు. మనిషికి వినబడని ఈల కూడా ఉంది. ఫ్రాన్సిస్ గాల్టన్ 1876లోనే చేశాడు. మన చెవి 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, కుక్క చెవి 45 వేల దాకా పోతుంది కాబట్టి అది సాధ్యమే. నీకు మాత్రం వద్దు. ఊదింది నీకే వినబడకపోతే, నిన్నటిలా ఊదావో లేదో నీకెలా తెలుస్తుంది?

నడువు. గట్టు ఎక్కు. జాగ్రత్త, ఎడమ పక్కన కాలువ.

మంచులో నీళ్లు కనబడవు, గుసగుస వినబడుతుంది. కాలువకు రెండు వైపులా సిమెంటు పలకలు, ఏటవాలుగా, పాచి పట్టి. ఇందులో పడ్డ కుక్క ఈదుతుంది, కానీ ఎక్కలేదు. గోళ్లు జారతాయి. అలసిపోయేదాకా గీకుతుంది. ఈ కట్ట మీద రంగిని వదలొద్దు. తాడు తగిలించు. అదుగో, పక్కకు లాగుతోంది. నీళ్ల వాసనకు కాదు, అవతలి తుమ్మల్లోంచి నెమలి అరిచింది.

లాగనీ. తాడు బిగిసింది. నువ్వు కదలకు. వదులయ్యాకే నడువు.

తాడు పట్టుకున్న ఆ కుడిచేతిని ఒకసారి తెరిచి చూసుకో. అరచేతికి అడ్డంగా నున్నటి గీత. మే నెలలో పడింది.

మే నెల, ఎండ, యాసంగి కోతలయ్యాయి. బాతుల తాత మందతో దిగాడు. ఆయనది కైకలూరు పక్క పల్లె. ఏడాదికి రెండుసార్లు, ఇక్కడ కోత అయిపోగానే, లారీలో బాతుల్ని ఎక్కించుకుని వస్తాడు. రాలిన వడ్లు, నత్తలు, పురుగులు బాతులకు తిండి. వాటి రెట్ట మడికి ఎరువు. అందుకే రైతులు వద్దనరు. రంగిని నీ చేతుల్లో పెట్టింది ఆయనే. ముప్పై అడుగుల నూలు తాడు దాని మెడకు కట్టి, రెండో కొస నీకిచ్చి, చెప్పాడు: "అబ్బాయ్, పిలిస్తే రావటం ఏ కుక్కయినా నేర్చుద్ది. అన్నం ఉందిగా. ఆగమంటే ఆగటం చూడు, అది చదువు."

"ఎట్ల తాతా?"

"ముందు నీ పక్కనే. చెయ్యి పైకెత్తు. కూచోబెట్టు. అది కూచునేటప్పుడు పొడుగ్గా ఊదు. ఒక్కటే. నెల రోజులు అదే పని."

నెల రోజులు అదే పని చేశావు. చెయ్యి, కూర్చోవడం, పొడుగు ఈల. చెయ్యి, కూర్చోవడం, పొడుగు ఈల. తరువాత పది అడుగుల దూరం. తరువాత ఇరవై. ఒకరోజు పావురం లేచింది, రంగి ఉరికింది, తాడు నీ అరచేతిలోంచి నిప్పులా జారింది. నువ్వు కేక పెట్టావు. ఈల ఊదావు. మళ్లీ ఊదావు. మళ్లీ మళ్లీ ఊదావు. పావురం దొరక్క దానంతట అది తిరిగొచ్చేదాకా ఊదుతూనే ఉన్నావు. వచ్చాక వీపు మీద ఒకటి వేశావు.

తాత అప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. నీ చెయ్యి కడిగి, పసుపు అద్ది, అప్పుడన్నాడు. "ఊదితే ఒక్కసారే ఊదు. రెండోసారి ఊదావంటే మొదటిదానికి ఇలవ లేదని నువ్వే చెప్పినట్టు. ఆపలేనని తెలిసినప్పుడు అసలు ఊదమాకు. ఇంకోటి, వచ్చిన కుక్కని కొట్టమాకు. నువ్వు కొట్టింది పావురాన్ని తరిమినందుక్కాదు అబ్బాయ్, నీ దగ్గిరికొచ్చినందుకు. దానికి అట్టాగే తెలుసుద్ది."

ఆ దెబ్బ తుడిచెయ్యడానికి నీకు వానాకాలం అంతా పట్టింది. నాట్లు పడి మడులు నీళ్లతో నిండిపోతే రోడ్డు పక్కన, బత్తాయి తోటల మధ్య బాటల్లో తాడుతో తిప్పావు. ఈల, ఆగు, గుడ్డు ముక్క, మళ్లీ పో. ఈ "మళ్లీ పో" మరిచిపోయావంటే అంతా వృథా. ఆగిన ప్రతిసారీ ఆట అయిపోతుందని తెలిస్తే ఏ ప్రాణి మాత్రం ఆగుతుంది? పదిసార్లు ఆపితే ఎనిమిదిసార్లు మళ్లీ వదిలావు. అక్టోబరుకు తాడు నేల మీద ఈడ్చుకుంటూ తిరిగేది, నువ్వు పట్టుకోవడం లేదు. నవంబరుకు తాడే తీసేశావు.

కాలువ దాటావు. తూము పక్కనుంచి దిగు. బాతుల చప్పుడు వినబడుతోందా? వందల గొంతులు ఒకేసారి గొణుగుతున్నట్టు.

తాత వల దడి ఇప్పుడే తీశాడు. బాతులు తెల్లవారకముందే గుడ్లు పెట్టేస్తాయి. ఆయన వంగి గడ్డిలోంచి ఒక్కొక్కటే ఏరి గంపలో వేస్తున్నాడు. తలకు మఫ్లరు, చేతిలో కొసకు ప్లాస్టిక్ కవరు కట్టిన పొడుగాటి గెడ.

"వచ్చావా అబ్బాయ్. వదులు, చూద్దాం."

తాడు విప్పు. రంగి కళ్లు బాతుల మీదే ఉన్నాయి. మంద మడి మధ్యకు ఒలికిపోతోంది. రంగిని కుడిపక్క నుంచి పంపు. చుట్టూ తిరిగి వస్తోంది, బాగుంది, వంగి, మెత్తగా. బాతులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ దగ్గరకు చేరాయి. రెండు పొట్టి ఈలలు, చెయ్యి ఎడమకు: పక్కకు తిరుగు. తిరిగింది. ఇంకా దగ్గరకు పోతోంది. ఒక బాతు రెక్కలు విదిల్చి గుంపు నుంచి విడిపోయింది. రంగి తల దానివైపు తిరిగింది, మెడ నిగిడింది.

ఇదీ ఆ క్షణం. కాళ్లు కదిలాక కాదు, మెడ నిగిడినప్పుడే.

పీఈఈఈఈఈ.

కూర్చుంది. తోక మాత్రం నేల మీద కొట్టుకుంటోంది. బాతు అటూ ఇటూ చూసి గుంపులో కలిసిపోయింది.

తాత ఏమీ అనలేదు. గంపలోంచి పగిలిన గుడ్డొకటి తీసి రంగి ముందు పెట్టాడు. అంతకంటే పెద్ద మెప్పు నువ్వు ఆయన దగ్గర చూడలేదు.

టీ కొట్టు దగ్గర కూర్చుంటే నిన్ను అడుగుతారు. "వేటకుక్క అంటున్నవ్, మరి వేటేది?" వేట లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే తుపాకీ పేల్చడం ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టినా వేటే, ఎర వేసినా వేటే, కుక్కతో తరిమినా వేటే. రంగి చెవులపిల్లి వెంట పడితే, నువ్వు గట్టు మీద చేతులు కట్టుకుని చూస్తూ నిలబడితే, నేరం నీది. కానీ రంగికి చట్టం తెలియదు. ఎన్నో తరాలుగా, కదిలేదాని వెంట పడమని దాని ఒళ్లు చెబుతోంది. అందుకే ఈ ఈల. కుక్కను ఉసిగొల్పడానికి మన ఊళ్లలో చిన్నపిల్లాడికి కూడా "ఉస్కో" వచ్చు. ఆపడానికి మాత్రం వంగి రాయి తీస్తాం. నువ్వు ఏడాదిగా నేర్పుతున్నది ఆ రాయికి బదులు.

ఏడు దాటింది. మంచు పలచబడుతోంది. సూర్యుడు పళ్లెంలా, వేడి లేకుండా, బత్తాయి తోట మీద వేలాడుతున్నాడు. ఇంటికి పోయే ముందు ఇంకొక్క చక్కరు. కాలువకు దూరంగా, పెద్దదేవులపల్లి వైపు మడుల్లోకి. ఇటు కోతలన్నీ అయిపోయాయి, ఆలస్యంగా నాటిన ఒక్క మడి తప్ప. దూరంగా ఆ మడి బంగారు చాపలా కనిపిస్తోంది.

వదులు. రంగి హాయిగా, వదులుగా పరిగెడుతోంది. నువ్వు కూడా భుజాలు వదులు చేశావు. ఈల పెదాల నుంచి జారి గుండెల మీద వేలాడుతోంది.

అది తప్పు. ఇప్పుడు తెలుస్తుంది.

రంగి కాళ్ల ముందు మట్టిగడ్డ ఒకటి పేలినట్టు లేచింది. మట్టిగడ్డ కాదు. పొడుగాటి చెవులు, తెల్లటి తోక అడుగు. చెవులపిల్లి.

మెడ నిగిడిన క్షణం నువ్వు చూడలేదు. కాళ్లు అప్పటికే కదిలాయి.

రెండూ మడికి అడ్డంగా దూసుకుపోతున్నాయి. చెవులపిల్లి చటుక్కున కుడికి మళ్లింది. రంగి జారి, మట్టి ఎగజిమ్మి, తిరిగింది. ఒక్కసారి నీ మనసు కూడా దాని వెంట పరిగెత్తింది. దాచుకోకు, అందంగా ఉంది. ఆ నడుము విల్లులా వంగి తెరుచుకుంటోంది. పరుగెడుతోందా, ఎగురుతోందా తెలియడం లేదు.

అప్పుడు నీకు కనబడింది.

కోయని మడి అంచున, మోకాలెత్తున, గాలిలో తెల్లటి పూసల వరుస. మంచు బిందువులు. తిన్నగా, ఒకే గీతలా. గాలిలో బిందువులు అలా నిలబడవు. ఏదో ఉంటేనే నిలబడతాయి.

వెదురు పుల్లలు. పుల్లకొక ఖాళీ సీసా. సీసా మెడకు చుట్టి, సన్నటి ఇనుప తీగ.

చూపు తీగ వెంట పరిగెత్తించు. మడి మూల. పొడుగాటి కర్ర. కర్ర పైనుంచి వైరు. వైరు కొసన కొక్కెం. కొక్కెం, స్తంభం మీది లైనుకు.

పందుల కోసం పెట్టారు. రాత్రి పెట్టి, తెల్లారి తీసెయ్యాలి. తీయలేదు. లైన్లో కరెంటు ఉంటుందా ఈ వేళకు? 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైంది. ఉంటుంది.

చెవులపిల్లి తీగవైపే పోతోంది.

దానికి ఆ తీగ కింద చోటుంది. రంగికి లేదు. ఆ తీగ సరిగ్గా దాని రొమ్ముకు తగిలే ఎత్తులో ఉంది.

నువ్వు పరిగెత్తుతున్నావు. ఎప్పుడు మొదలుపెట్టావో తెలియదు. కొయ్యకాళ్లు చీరుకుపోతున్నాయి. ఒక చెప్పు పోయింది. నోరు తెరుచుకుంది, రంగీ అని అరవబోతోంది.

అరవకు.

ఆ పరుగులో అరుపు దానికి ఉస్కోలాగే వినబడుతుంది.

నూరు మీటర్లు దాని ముందు. సెకనుకు పది మీటర్లు దాటుతోంది. లెక్క నీకే వచ్చేసింది.

ఈల ఏది? గుండెల మీద ఎగురుతోంది. పట్టుకో. జారింది. పట్టుకో. నోట్లో పెట్టుకున్నావు. ఊదబోయావు. రొప్పుతున్నావు. ఊపిరి ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఇప్పుడు ఊదితే ముక్కలుగానే వస్తుంది. పొట్టి ఈలలా, పొడుగుదా, ఏదీ కానిదా? రంగికి అర్థం కాని శబ్దం వస్తుంది.

"అది పరిగెత్తేటప్పుడు నువ్వు పరిగెత్తమాకు అబ్బాయ్. నువ్వూ తరుముతున్నావనుకుంటది."

ఎంచుకో. పరిగెత్తు, లేదా ఊదు. రెండూ కుదరవు.

ఆగు.

కాళ్లు ఒప్పుకోవడం లేదు. ఆగు. మడమలు నేలలో దింపు. నిలబడు.

డెబ్భై మీటర్లు.

ఊపిరి తియ్యి. కడుపు నిండా. ఒక సెకను ఖర్చు. తియ్యి.

అరవై.

చెయ్యి పైకెత్తు.

ఊదు.

పీఈఈఈఈఈఈఈఈఈ.

వణకలేదు. ఒక్కటే గీత. నిన్నటిలాగే, మొన్నటిలాగే, మే నెలలో నీ కాళ్ల దగ్గర కూర్చోబెట్టినప్పటిలాగే.

రంగి పరుగు తెగలేదు.

నలభై.

రెండోసారి ఊదాలని ఒళ్లంతా అడుగుతోంది. ఊదకు. చెయ్యి దించకు.

ఒక చెవి వెనక్కి తిరిగింది.

ముప్పై.

చెవులపిల్లి తీగ కింద దూరి వరిలో మాయమైంది.

ఇరవై.

వెనక కాళ్లు రెండూ ముందుకు చొచ్చుకొచ్చాయి. మట్టి లేచింది. జారుతోంది. జారుతూనే ఉంది. నేల తడి.

ఆగింది.

కూర్చుంది.

తీగకూ దాని ముక్కుకూ మధ్య ఒక మంచం పట్టేంత చోటు.

మంచు బిందువొకటి తీగ మీద జారి కిందపడింది. రంగి ఆ బిందువునే చూస్తోంది. ముక్కు ముందుకు చాచింది. వాసన చూడాలని ఉంది దానికి.

నువ్వు పోయి తెచ్చుకోవాలా? వద్దు. తీగ ఎక్కడైనా తెగి నేలను తాకిందేమో నీకు తెలియదు. తాకితే చుట్టూ తడిమట్టిలో కూడా కరెంటు పాకుతుంది. ఒక కాలికి చెప్పు కూడా లేదు నీకు.

పిలవాలి. ఇది పొడుగు ఈల కంటే కష్టం. ఎదురుగా చెవులపిల్లి దూరిన సందు, వెనక నువ్వు.

మెల్లగా వంగు. మోకాళ్ల మీద కూర్చో. చిన్నగా కనిపించు. జేబులో చెయ్యి పెట్టు, గుడ్డు ముక్క తీసేటప్పుడు ఎలా పెడతావో అలా.

పీప్-పీప్-పీప్-పీప్.

వరివైపు చూసింది. నీవైపు చూసింది. వరివైపు చూసింది.

లేచింది. తిరిగింది. తోక తీగవైపు ఊగింది. కళ్లు మూసుకున్నావు.

కొయ్యకాళ్లు పటపటమన్నాయి.

చల్లటి ముక్కు నీ మెడకు తగిలింది.

తాడు తగిలించు. ముందు అది. తరువాత గుడ్డు ముక్క, ఉన్నదంతా. నీ చేతులు వణుకుతున్నాయి, సగం నేల మీద పడింది, అదీ తినేసింది. కోపం వస్తోంది నీకు, దాని మీద కాదు, అయినా అది వేళ్లలోకి వచ్చేస్తుంది. రానివ్వకు. మెడ కింద రుద్దు. అది నీ దగ్గరకు వచ్చింది. దానికి తెలిసింది అంతే, తెలియాల్సిందీ అంతే.

తాత గెడ పట్టుకుని గట్టు మీద పడుతూ లేస్తూ వస్తున్నాడు. పొడుగు ఈల ఆయనకు అక్కడిదాకా వినబడింది. తీగ చూశాడు. మఫ్లరు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"నా బాతులు రేపు ఈ మడికే రావాలి అబ్బాయ్," అన్నాడు.

ఆ తీగ కట్టిన రైతు ఎవరో నీకు తెలిసే ఉంటుంది. చెడ్డవాడు కాకపోవచ్చు. ఒక్క రాత్రిలో పందుల గుంపు సగం మడి తొక్కేస్తే, అప్పు చేసి పెట్టిన పెట్టుబడి బురదలో కలిసిపోతుంది. ఆ బాధ నిజం. కానీ ఈ తీగ పందిని తరమదు. సౌర కంచె అయితే సెకనుకు ఒకసారి చిటికెలో వందో వంతు కూడా లేని దెబ్బ కొట్టి వదిలేస్తుంది, తగిలిన జంతువు ఎగిరి పారిపోతుంది. ఇందులో 230 వోల్టులు ఆగకుండా పారుతున్నాయి. తగిలిన కండరం బిగుసుకుపోతుంది, వదిలించుకోవడం ఎవరి చేతిలోనూ ఉండదు. ఇలాంటి తీగలకు మన పల్లెల్లో పందులకంటే ముందు మనుషులు పడిపోయిన తెల్లవారుజాములు ఉన్నాయి, నీళ్లు పెట్టడానికి పోయినవాళ్లు, పశువుల కోసం పోయినవాళ్లు. ఇది నేరం. జాలిపడి చూడనట్టు పోవడానికి వీల్లేదు.

తాత గెడ ఎత్తబోతున్నాడు, తీగ లాగేద్దామని. చెయ్యి పట్టుకో.

"వద్దు తాతా. పచ్చి వెదురది, తడిసింది."

గెడ దించాడు.

ఫోన్ తియ్యి. 1912. కరెంటు ఆఫీసు వాళ్లది. ఊరు, మడి ఏ వైపు, స్తంభం మీద నంబరు ఉంటే అది, దూరం నుంచే చదివి చెప్పు. కొక్కెం ఉందని చెప్పు. లైను బంద్ చేసేదాకా ఎవ్వరూ ముట్టుకోరాదని వాళ్లే చెబుతారు.

ఏడూ ముప్పావు. ఎండ పడగానే తీగ మీది బిందువులు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. ఇంకో పావుగంటకు తీగ అసలు కనబడదు.

చెప్పు వెతుక్కో. ఈల పెదాల మధ్యే ఉంచుకో. రంగిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ గట్టు మీదే నిలబడు, లైన్‌మన్ వచ్చేదాకా కదలొద్దు. బడిపిల్లలు ఈ దారినే వస్తారు.